వార్డు నుంచి ల్యాబుకు, ల్యాబు నుంచి వార్డుకు: ఎండీ-పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

"మా అబ్బాయి ఎండీ-పీహెచ్‌డీ చేస్తానంటున్నాడండీ. ఎనిమిదేళ్లట. ఉత్త ఎండీ అయితే నాలుగేళ్లలో అయిపోతుంది కదా, మధ్యలో ఈ పీహెచ్‌డీ ఎందుకు?" న్యూజెర్సీ నుంచో డల్లాస్ నుంచో ఏడాదికి నాలుగైదు సార్లు నాకు ఇలాంటి ఫోన్ వస్తుంది. విజయవాడ, వరంగల్ వైపు నుంచి వచ్చే ఫోన్లలో మాట వేరు. "ఫైనలియర్‌లో ఉన్నాను మేడమ్. రీసెర్చ్ అంటే ఇష్టం. ఇంట్లో మాత్రం పీజీ సీటు, పీజీ సీటు అంటున్నారు. ఏం చేయమంటారు?"

ఈ రెండు రకాల ఫోన్లలోనూ గంటల తరబడి చెప్పిన మాటలనే ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. నేను ఆంధ్రాలో ఎంబీబీఎస్ చదివాను. తర్వాత అమెరికాలో పీహెచ్‌డీ, ఆ పైన రెసిడెన్సీ (మన పీజీ లాంటి స్పెషాలిటీ శిక్షణ) చేశాను. రెండు దేశాల దారులూ కొంత నడిచి చూశాను కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో తెలుసు.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం

మన దేశంలో ఎండీ అంటే ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ. అమెరికాలో ఎండీ అంటే డాక్టర్ కావడానికి చేసే మొదటి డిగ్రీ, అంటే మన ఎంబీబీఎస్‌కు సమానం. అక్కడ ముందు నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసి, ఆ తర్వాత మెడికల్ స్కూల్లో చేరతారు. అందుకే "ఎండీ-పీహెచ్‌డీ" అనే మాట హైదరాబాద్‌లో ఒకలా, హ్యూస్టన్‌లో ఇంకోలా వినిపిస్తుంది. అమెరికాలో ఒకే ప్రోగ్రాంలో చేరి, మెడికల్ స్కూల్ మధ్యలో ఆగి పీహెచ్‌డీ ముగించుకుని, మళ్లీ వార్డుకు తిరిగొచ్చి ఎండీ పూర్తిచేస్తారు. మన దగ్గర ఎంబీబీఎస్ అయ్యాక పీజీతో పాటుగానో, పీజీ తర్వాతో పీహెచ్‌డీ చేస్తారు. ఫోన్లో సగం సమయం ఈ తేడా చెప్పడానికే పోతుంది.

ఈ జంట డిగ్రీ పద్ధతి 1956లో క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో మొదలైంది. 1964లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్, మెడికల్ సైంటిస్ట్ ట్రైనింగ్ ప్రోగ్రాం పేరుతో దీనికి నిధులివ్వడం ప్రారంభించింది. దాన్నే ఎంఎస్‌టీపీ అంటారు. మొదట ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, నార్త్‌వెస్టర్న్, న్యూయార్క్ యూనివర్సిటీ, ఈ మూడింటికే డబ్బు దక్కింది. ఇప్పుడు ఎంఎస్‌టీపీ ప్రోగ్రాంలు 50 దాటాయి. ఎన్‌ఐహెచ్ నిధులు లేకుండా సొంతంగా నడిపే మెడికల్ స్కూళ్లు కూడా చాలానే ఉన్నాయి.

ప్రభుత్వం ఎందుకింత ఖర్చు పెడుతోందంటే, రోగిని చూసే మనిషి, పరిశోధన చేసే మనిషి ఒకరే అయ్యే సందర్భం తగ్గిపోతోంది. పరిశోధన చేసే వైద్యుడు అంతరించిపోయే జాతిలా తయారయ్యాడని జేమ్స్ విన్‌గార్డెన్ 1979లోనే హెచ్చరించారు. తర్వాత ఎన్‌ఐహెచ్‌కు డైరెక్టర్ అయింది ఆయనే. 2014లో ఎన్‌ఐహెచ్ నియమించిన బృందం లెక్క చూస్తే, అమెరికా వైద్యుల్లో పరిశోధన ముఖ్యవృత్తిగా ఉన్నవాళ్లు 1.5 శాతం దగ్గరే ఉన్నారు.

మొదటి అడుగు: మీ దగ్గర ప్రశ్న ఉందా?

రెండు డిగ్రీలు కావాలనుకోవడం ఈ దారికి సరిపోదు. వార్డులో పుట్టి, ల్యాబులో తప్ప జవాబు దొరకని ప్రశ్న ఒకటి మిమ్మల్ని వెంటాడుతూ ఉండాలి.

మనవాళ్లకు దీన్ని వివరించాల్సి వస్తే నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరే ఎత్తుతాను. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన ఇంట్లో అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు తొడిగినందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్‌ఎంఎస్ అనే చిన్న డిగ్రీ చేతికిచ్చారు. బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట కింది స్థాయి పనులు చేసుకుంటూ, 1930లో హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. 1940ల్లో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు పనికొచ్చింది అదే. ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులను కూడా అదే బృందం తయారుచేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిని ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి చూశారు. క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ పుట్టింది ఆ కుదురులోనే. ఇంట్లో చూసిన జబ్బు నుంచి ల్యాబుకు వెళ్లి, మళ్లీ పిల్లల వార్డుకు తిరిగొచ్చిన దారి అది. ఆయన కాలంలో జంట ప్రోగ్రాం లేదు, స్టైపెండ్ లేదు. ప్రశ్న మాత్రం ఉంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. వార్డులో, షాడోయింగ్‌లో (డాక్టరు వెంట ఉండి పని గమనించేటప్పుడు), ఇంట్లో తాతగారి జబ్బు విషయంలో, ఎక్కడైనా సరే "ఇది ఎందుకిలా?" అనిపించిన ప్రతిసారీ రాయండి. మూడు నెలల తర్వాత తిరగేయండి. ఒకే రకం ప్రశ్న మళ్లీ మళ్లీ కనబడుతోందా? దాని గురించి ఎవరూ అడక్కుండానే పేపర్లు వెతికి చదివారా? చదివితే ఈ దారి మీకు సరిపడొచ్చు. నోటుబుక్ ఖాళీగానే ఉంటే అందులో తప్పేమీ లేదు. మంచి వైద్యుడు కావడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. అంతేకాదు, మామూలు ఎండీ చేసినవాళ్లు కూడా పరిశోధన చేయొచ్చు. కొలెస్టరాల్ పని మీద 1985లో నోబెల్ అందుకున్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరికీ పీహెచ్‌డీ లేదు. వాళ్లు రెసిడెన్సీ తర్వాత ఎన్‌ఐహెచ్‌లో ల్యాబు పని నేర్చుకున్నారు.

ఫీజు ఉండదని మాత్రమే ఇందులో చేరేవాళ్లూ ఉన్నారు. నాలుగేళ్లు అదనంగా చదవాలి. ఆ నాలుగేళ్లలో డాక్టరుగా సంపాదించగలిగేదాన్ని లెక్కేస్తే ఆ "ఉచితం" చాలా ఖరీదైనది. డబ్బు కోసమైతే వద్దని పిల్లలకు మొహమాటం లేకుండానే చెబుతాను.

రెండో అడుగు: కాలేజీ రోజుల్లో సిద్ధం కావడం

ఇది అమెరికాలో బ్యాచిలర్స్ చదువుతున్న మన పిల్లల కోసం. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది. ఎండీ-పీహెచ్‌డీలో చేరేవాళ్ల సగటు 516 దరిదాపుల్లో, జీపీఏ 3.8 దరిదాపుల్లో ఉంటోంది. తల్లిదండ్రులు ఈ రెండు అంకెల మీదే టెన్షన్ పడతారు. కానీ అంకెలు మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్తాయి. లోపలికి రానిచ్చేది ల్యాబు అనుభవమే.

ఆరు ల్యాబుల్లో తలా ఒక వేసవి గడిపినదాని కంటే, ఒకే ల్యాబులో రెండేళ్లు కూర్చుని ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా లాక్కొచ్చినవాళ్లకే విలువ ఎక్కువ. ఎందుకంటే ప్రయోగం పాడైపోయినప్పుడు ఏం చేశారన్నది ఇంటర్వ్యూలో తేలిపోతుంది. పబ్లికేషన్ ఉంటే మంచిదే, తప్పనిసరి కాదు. మీరు చేసిన ప్రయోగం ఏ ప్రశ్నకు, కంట్రోల్ (పోల్చి చూడడానికి పెట్టుకున్నది) ఏమిటి, ఫలితం తిరగబడి వస్తే మీ ఆలోచన ఎలా మారేది, ఈ మూడూ కాగితం చూడకుండా చెప్పగలగాలి. పేపర్‌లో పేరుండి ఇవి చెప్పలేకపోవడం కన్నా, పేరు లేకపోయినా చెప్పగలగడం మేలు.

డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ఎన్‌ఐహెచ్‌లోనో యూనివర్సిటీ ల్యాబులోనో టెక్నీషియన్‌గా పూర్తి సమయం పనిచేసి అప్పుడు అప్లై చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది. "ఏడాది వృథా" అని ఇంట్లో కంగారు పడకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబులో ఉండే జీవితం తనకు పడుతుందో లేదో పిల్లలకు తెలిసేది అప్పుడే. పడదని తెలిస్తే నాలుగేళ్లు మిగిలినట్టే.

పేషెంట్లను కూడా చూసి ఉండాలి. ల్యాబు మాత్రమే ఉండి క్లినిక్‌లో గడపనివాళ్లను "ఉత్త పీహెచ్‌డీ చేయొచ్చు కదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఆసుపత్రిలోనే దొరుకుతుంది.

మూడో అడుగు: అప్లికేషన్

మెడికల్ స్కూళ్లకు ఉమ్మడిగా అప్లై చేసే పోర్టల్ ఆమ్‌కాస్ (AMCAS). మే నెలలో తెరుచుకుంటుంది, మే చివర లేదా జూన్ మొదట్లో సబ్మిట్ చేయొచ్చు. మొదటి రోజుల్లోనే పంపేయండి. ఆలస్యమైన కొద్దీ ఇంటర్వ్యూ ఖాళీలు తగ్గుతాయి. జులై, ఆగస్టుల్లో ఒక్కో స్కూలు నుంచి సెకండరీ వ్యాసాలు, అంటే ఆ స్కూలు విడిగా అడిగే ప్రశ్నలు వస్తాయి. ఇంటర్వ్యూలు సెప్టెంబర్ నుంచి చలికాలమంతా సాగుతాయి. ఏప్రిల్ 30 నాటికి ఒక స్కూలు ఎంచుకోవాలి.

మామూలు ఎండీ వాళ్లు రాసే 5,300 అక్షరాల పర్సనల్ స్టేట్‌మెంట్ కాకుండా ఇక్కడ ఇంకో రెండు రాయాలి. రెండు డిగ్రీలూ ఎందుకో చెప్పే 3,000 అక్షరాల వ్యాసం ఒకటి, పరిశోధన అనుభవాన్ని వివరించే 10,000 అక్షరాల వ్యాసం ఇంకొకటి. ఈ రెండోది అతి ముఖ్యం. మనవాళ్ల పిల్లలు ఇందులో ల్యాబు గొప్పతనం, ప్రొఫెసర్ గొప్పతనం రాసి, తాము చేసిందేమిటో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. పెద్దల ముందు "నేను" అనకూడదన్న మన అలవాటు అక్కడ పనికిరాదు. "మేము చేశాం" అని ఉన్న ప్రతిచోటా, అందులో నా చేతుల మీదుగా జరిగిందేమిటని విడదీసి రాయండి.

పనిచేసిన ప్రతి ల్యాబు పెద్ద నుంచీ సిఫారసు లేఖ ఉండాలి. ఒకరిది లేకపోతే, ఎందుకు లేదని కచ్చితంగా అడుగుతారు.

దేశమంతటా కలిపి ఏటా రెండు వేలకు అటూ ఇటూగా అప్లై చేస్తే, దాదాపు 700 మంది చేరుతున్నారు.

ఇంటర్వ్యూ తరచుగా రెండు రోజులు సాగుతుంది. వైద్యులూ ఉంటారు, ఉత్త శాస్త్రవేత్తలూ ఉంటారు. శాస్త్రవేత్తలు మీ ప్రాజెక్టును లోతుగా తవ్వుతారు. తెలియనిది తెలియదని చెప్పి, "ఇలా చేసి చూస్తాను" అని ఆలోచనను పైకి వినిపించండి. వాళ్లు చూసేది దాన్నే.

నాలుగో అడుగు: డబ్బు, పాస్‌పోర్టు

ఎంఎస్‌టీపీలో ట్యూషన్ ఫీజు మొత్తం ప్రోగ్రామే కడుతుంది. ఆ పైన స్టైపెండ్ ఇస్తుంది. అది ఊరిని బట్టి మారుతుంది. ఉత్త ఎండీ చేసి బయటికొచ్చే చాలామంది నెత్తి మీద 2 లక్షల డాలర్ల అప్పుంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కొన్ని చిన్న ప్రోగ్రాంలు పీహెచ్‌డీ ఏళ్లకే ఫీజు కట్టి, ఎండీ ఏళ్లకు మీచేతే కట్టిస్తాయి. చేరే ముందు "ఎండీ చివరి రెండేళ్ల ఫీజు ఎవరు కడతారు?" అని మెయిల్‌లో అడిగి, జవాబును మెయిల్‌లోనే తీసుకోండి.

ఇక పాస్‌పోర్టు. ఎన్‌ఐహెచ్ ఇచ్చే టీ32 శిక్షణ నిధులను అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే వాడాలి. మిగతావాళ్లకు స్కూలు తన సొంత డబ్బు పెట్టాలి. అందుకే అంతర్జాతీయ విద్యార్థులను తీసుకునే ప్రోగ్రాంలు తక్కువ, అవి ఎక్కువగా ప్రైవేటు స్కూళ్లు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద చిన్నప్పుడే వచ్చి ఇక్కడే పెరిగిన మన పిల్లలకు ఇది చాలా బాధ కలిగించే సంగతి. క్లాసులో అందరితో సమానంగా చదివి, అప్లికేషన్ ఫారంలో ఒక్క గడి దగ్గర ఆగిపోతారు. వీళ్లు కాలేజీ రెండో ఏడు నుంచే, ఏ స్కూళ్లు వీసా విద్యార్థులను తీసుకుంటాయో ఒక్కొక్క వెబ్‌సైట్ చూసి జాబితా రాసుకోవాలి. లిస్టు చిన్నదిగానే ఉంటుంది. కానీ చివరి నిమిషంలో తెలియడం కంటే ముందే తెలియడం మంచిది.

ఐదో అడుగు: ల్యాబు ఎంపిక

స్కూలు పేరు కంటే గైడ్ ముఖ్యం. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోమంటే ఇదే చెబుతాను.

ప్రోగ్రాం సాగే తీరు మామూలుగా ఇది. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు మెడికల్ స్కూల్ తరగతులు. వేసవుల్లో రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్లు, అంటే ఒక్కో ల్యాబులో కొన్నాళ్లు పనిచేసి చూడడం. చాలాచోట్ల స్టెప్ 1 (అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో మొదటిది) రాసి, అప్పుడు పీహెచ్‌డీలోకి దిగుతారు. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో స్కోరు లేదు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. పీహెచ్‌డీ దాదాపు నాలుగేళ్లు, ఒక్కోసారి ఐదు. చివర్లో క్లినికల్ రొటేషన్లు. మొత్తం సగటున ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిది, తొమ్మిదో పదో అయితే దానికి కారణం చాలావరకు ల్యాబే.

నా సంగతి చెబుతాను. పీహెచ్‌డీలో చేరినప్పుడు పెద్ద పేరున్న ల్యాబు ఎంచుకున్నాను. రొటేషన్‌లో అక్కడి సీనియర్ విద్యార్థులతో గట్టిగా మాట్లాడలేదు, అడిగితే బాగుండదేమోనని. రెండో ఏట గైడ్ వేరే యూనివర్సిటీకి మారిపోయారు. నా ప్రాజెక్టు సగంలో నిలిచిపోయింది. కొత్త ల్యాబులో కొత్త ప్రశ్నతో మళ్లీ మొదలుపెట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆయన మారబోతున్న సంగతి ల్యాబులో ముందే ఇద్దరికి తెలుసు. నేను అడిగి ఉంటే చెప్పేవాళ్లు.

కాబట్టి రొటేషన్‌లో ఈ విషయాలు తెలుసుకోండి. ఈ ల్యాబు నుంచి ఇప్పటిదాకా ఎండీ-పీహెచ్‌డీ విద్యార్థులు ఎంతమంది బయటికొచ్చారు, పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పట్టింది? వాళ్లు ఇప్పుడెక్కడున్నారు? గ్రాంటు ఎప్పటి దాకా ఉంది? మీకివ్వబోయే ప్రాజెక్టు ఇంకెవరి చేతిలోనైనా ఉందా? గైడ్ వారానికొకసారైనా ఎదురుగా కూర్చుని మాట్లాడతారా? మధ్యలో ల్యాబు వదిలేసినవాళ్లు ఉంటే వాళ్లతో కూడా ఒకసారి మాట్లాడండి. ఇవన్నీ మర్యాదగా అడగొచ్చు, అడగాల్సినవే. ఇబ్బంది పడే గైడ్ దగ్గర మీ జవాబు మీకు దొరికినట్టే.

ఎండీ-పీహెచ్‌డీ విద్యార్థికి సరిపడే ప్రాజెక్టుకు ఒక లక్షణం ఉండాలి. పెద్ద ప్రశ్న ఒకటి, దాని పక్కనే ఫలితం ఏదైనా పేపర్ వచ్చే చిన్న ప్రశ్న ఒకటి. పెద్దది మాత్రమే పెట్టుకున్నవాళ్లు ఐదో ఏడుకు చిక్కుకుపోతారు. చిన్నది మాత్రమే పెట్టుకున్నవాళ్లు డిగ్రీ తెచ్చుకుంటారు గానీ ఆలోచించడం నేర్చుకోరు. ఎలుకల్లో కొత్త జన్యు మార్పుతో మొదలయ్యే ప్రాజెక్టు అయితే, ఆ ఎలుకలు ఇప్పటికే ల్యాబులో ఉన్నాయో లేదో కనుక్కోండి. లేకపోతే మొదటి ఏడాదికి పైగా కాలం వాటిని తయారుచేసుకోవడానికే పోతుంది.

పీహెచ్‌డీ రెండో ఏట ఎఫ్30 ఫెలోషిప్‌కు అప్లై చేయండి. ఎండీ-పీహెచ్‌డీ లాంటి జంట డిగ్రీల విద్యార్థుల కోసమే ఎన్‌ఐహెచ్ ఇచ్చే వ్యక్తిగత ఫెలోషిప్ ఇది. వచ్చినా రాకపోయినా, మీ ప్రశ్నను ఆరు పేజీల్లో ఎదుటివాళ్లు ఒప్పుకునేలా రాయడం నేర్పుతుంది. జీవితాంతం చేయబోయే పని అదే కాబట్టి తొందరగా మొదలుపెట్టడం మంచిది. దీనిక్కూడా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి.

ఆరో అడుగు: తెల్లకోటు మర్చిపోకుండా

నాలుగేళ్లు ల్యాబులో గడిపి వార్డులో అడుగుపెట్టిన మొదటి నెల చాలా కష్టంగా ఉంటుంది. మీతో చేరినవాళ్లు అప్పటికే రెసిడెంట్లయి మీకు పని చెబుతుంటారు. స్టెతస్కోప్‌లో మర్మర్ (గుండెలో అసహజ శబ్దం) విన్నా దాని పేరు గుర్తురాదు. ఈ దశలో ఏడ్చినవాళ్లను చూశాను. మూడో నెలకల్లా కుదురుకుంటారు, భయపడకండి.

దీనికి మందు ముందే వేసుకోవాలి. చాలా ప్రోగ్రాంలు పీహెచ్‌డీ కాలంలో వారానికి ఒక పూట క్లినిక్‌కు వెళ్లే ఏర్పాటు చేస్తాయి. ల్యాబు పని ఎక్కువైందని దాన్ని మానుకోకండి. థీసిస్ డిఫెన్స్‌కూ క్లినికల్ రొటేషన్‌కూ మధ్య కనీసం నెల రోజులు ఖాళీ ఉంచుకోండి. చివరి పేపర్ రాసేసి రండి. "వార్డు చేస్తూ రాత్రిళ్లు రాసుకుంటాను" అన్నవాళ్ల పేపర్లు ఏళ్ల తరబడి మూలుగుతుండడం నేను చూశాను.

ఏడో అడుగు: మన దగ్గర ఎంబీబీఎస్ చేసినవాళ్ల దారి

ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్లు ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదవండి. ఎంబీబీఎస్ ఉంటే అమెరికాలో మళ్లీ ఎండీ-పీహెచ్‌డీలో చేరాల్సిన పని లేదు. ఎండీకి సమానమైనది మీ దగ్గర ఉంది. మీకు కావాల్సింది పీహెచ్‌డీ, దాన్ని ఎక్కడ, ఎప్పుడు చేయాలన్నదే ప్రశ్న.

చదువుకుంటుండగానే మొదలుపెట్టండి. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఎస్‌టీఎస్ అనే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ నడుపుతోంది. మీ కాలేజీలోని గైడ్‌తో కలిసి ప్రపోజల్ రాయాలి. అంగీకరిస్తే రెండు నెలల్లో చేసి రిపోర్టు పంపాలి. రిపోర్టు ఆమోదిస్తేనే సర్టిఫికెట్, డబ్బు. చేసే ప్రాజెక్టు చిన్నదైనా, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవడం, ప్రశ్నావళి తయారుచేసుకోవడం, డేటా శుభ్రంచేసుకోవడం అన్నీ అందులో తెలుస్తాయి. చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌ఐఈ ఆన్‌లైన్‌లో నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ కూడా చేసేయండి. పీజీలో ఎలాగూ తప్పనిసరి.

హౌస్ సర్జన్సీ అయ్యాక దారులు చీలతాయి.

పీజీ చేసి ఆ తర్వాత పీహెచ్‌డీ చేయడం ఒకటి. మన దేశంలో నిలబడి పనిచేయాలనుకునేవాళ్లకు ఇదే గట్టి పునాదని నా అభిప్రాయం, ఎందుకంటే పీజీ లేని ఎంబీబీఎస్‌కు ఆసుపత్రిలో తన సొంత పేషెంట్లంటూ ఉండరు. గగన్‌దీప్ కాంగ్ గారు వెల్లూరు సీఎంసీలోనే ఎంబీబీఎస్, మైక్రోబయాలజీలో ఎండీ, తర్వాత 1998లో పీహెచ్‌డీ చేశారు. పిల్లల విరేచనాల జబ్బుల మీద, రోటావైరస్ మీద ఆమె చేసిన పని అందరికీ తెలిసిందే. భారతదేశంలో పనిచేస్తూ లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికైన మొదటి మహిళ ఆమే, 2019లో. పీజీలో తప్పనిసరైన థీసిస్‌ను కాపీ-పేస్ట్ తంతుగా మార్చకుండా, భవిష్యత్తు ప్రశ్నకు మొదటి ప్రయోగంగా వాడుకోండి.

ఎంబీబీఎస్ తర్వాత నేరుగా పీహెచ్‌డీ రెండోది. పరిశోధన ఫెలోషిప్‌ల కోసం జరిగే జాతీయ పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌కు 55 శాతంతో ఎంబీబీఎస్ ఉంటే అర్హత ఉంది. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. హైదరాబాద్‌లోనే ఉండాలనుకునేవాళ్లకు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లాంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. కంటి జబ్బుల మీద ఆసక్తి ఉంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లి చూడండి. పరిశోధన భవనం, ఓపీ ఒకే ఆవరణలో ఉంటే పని ఎలా సాగుతుందో అక్కడ అర్థమవుతుంది. బెంగళూరులో ఐఐఎస్సీ కూడా తన ఆవరణలోనే పీజీ మెడికల్ స్కూల్, ఆసుపత్రి కడుతున్నట్టు 2022లో ప్రకటించింది. అందులో ఎండీ-పీహెచ్‌డీని కలిపి నడపాలన్నది వాళ్ల ఉద్దేశం. ఈ రెండో దారిలో జాగ్రత్త ఒకటే: పీహెచ్‌డీ మధ్యలో నీట్ పీజీకి చదవడం దాదాపు అసాధ్యం. పీజీ తప్పకుండా కావాలనుకుంటే ముందే చేసుకోండి.

విదేశంలో పీహెచ్‌డీ మూడోది, నేను వెళ్లింది ఇదే. అమెరికాలో బయోమెడికల్ పీహెచ్‌డీ ప్రోగ్రాంలు మామూలుగా ఫీజు కట్టి స్టైపెండ్ కూడా ఇస్తాయి, విదేశీ విద్యార్థులకు కూడా. జేబులోంచి ఫీజు కట్టించుకునే పీహెచ్‌డీలో చేరకండి. చాలామందిని దెబ్బతీసేది మాత్రం గడియారం. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలైన యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి పరీక్ష పాసైన రోజు నుంచి ఏడేళ్లలోపు, విదేశీ డాక్టర్లు రెసిడెన్సీలో చేరడానికి తప్పనిసరైన ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్‌కు కావాల్సిన మిగతా పరీక్షలన్నీ పాసవ్వాలి. స్టెప్ 1 రాసి పీహెచ్‌డీలోకి దిగి, ఆరేళ్ల తర్వాత లేచి చూసుకుంటే గడువు మీదికొచ్చేస్తుంది. పైగా చాలా రెసిడెన్సీ ప్రోగ్రాంలు ఎంబీబీఎస్ అయ్యి ఐదేళ్లు దాటినవాళ్లను మొదటి వడపోతలోనే పక్కన పెడతాయి. మీకు పీహెచ్‌డీ ఉందని కంప్యూటర్ చూడదు. అందుకని, చివరికి అమెరికాలో పేషెంట్లను చూడాలనే ఉద్దేశం ఉంటే, రెసిడెన్సీ ముందు చేసి పరిశోధన తర్వాత పెట్టుకోవడం చాలామందికి సులువు. పీహెచ్‌డీయే ముందనుకుంటే పరీక్షలన్నీ చివరి రెండేళ్లలో వరుసగా రాసేలా పథకం వేసుకోండి, మధ్యమధ్యలో క్లినిక్‌లో అబ్జర్వర్‌షిప్ (డాక్టర్ల పని దగ్గరుండి గమనించడం) చేస్తూ ఉండండి.

వీసా కూడా చూసుకోవాలి. రెసిడెన్సీని జే1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా మీద చేస్తే, ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంటుంది. దాన్నుంచి మినహాయింపుకు డాక్టర్లు ఎక్కువగా ఎంచుకునే దారి, వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పూర్తి సమయం వైద్యం చేయడం. ల్యాబు కోసం వచ్చినవాళ్లకు అది పెద్ద అడ్డంకి. రెసిడెన్సీ ఒప్పుకునే ముందే, ఆ ప్రోగ్రాం ఈ షరతు లేని హెచ్1బీ వీసా ఇస్తుందా అని అడగండి.

ఎనిమిదో అడుగు: డిగ్రీలు వచ్చాక

ఇక్కడికి చేరాక చాలామంది ల్యాబు వదిలేస్తారు. కారణం అలసటే. వయసు ముప్పై దాటింది, పెళ్లయింది, పిల్లలు చిన్నవాళ్లు, అమ్మానాన్నలు ఒంగోల్లో ఒంటరిగా ఉన్నారు, తోటివాళ్లు ఇళ్లు కొనుక్కున్నారు. అయినా నిలబడేవాళ్లు ఎక్కువే. 10,000 మందికి పైగా ఎండీ-పీహెచ్‌డీలను లెక్కలోకి తీసుకుని 2018లో అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వెలువరించిన అధ్యయనం ప్రకారం, శిక్షణ ముగించినవాళ్లలో ఎక్కువమంది మెడికల్ స్కూళ్లలో, ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో, మందుల కంపెనీల్లోనే పనిచేస్తున్నారు.

అమెరికాలో రెసిడెన్సీ వెతుక్కునేటప్పుడు పీఎస్‌టీపీ (ఫిజీషియన్ సైంటిస్ట్ ట్రైనింగ్ ప్రోగ్రాం) అనే పేరున్నవి చూడండి. ఇంటర్నల్ మెడిసిన్‌లో రీసెర్చ్ పాత్‌వే ఉంటుంది. అందులో మూడేళ్ల క్లినికల్ శిక్షణను రెండేళ్లకు కుదించి, తర్వాత మూడేళ్లు పరిశోధనకు కేటాయిస్తారు. ఆ మూడేళ్లలో 80 శాతం సమయం ల్యాబుదే. ఆ తర్వాత, కెరీర్ మొదట్లో ఉన్న వైద్య పరిశోధకులకు ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే08 గ్రాంటు. ఇది వచ్చినవాళ్లకు స్కూలు కనీసం 75 శాతం సమయాన్ని పరిశోధనకు వదలాలి, సర్జన్లకైతే 50 శాతం. అప్పు ఉన్నవాళ్లు ఎన్‌ఐహెచ్ లోన్ రీపేమెంట్ ప్రోగ్రాంకు అప్లై చేస్తే ఏడాదికి 50,000 డాలర్ల దాకా తీరుస్తారు. సొంత ల్యాబును నిలబెట్టే ఆర్01 గ్రాంటు మొదటిసారి చేతికొచ్చేసరికి ఎండీ-పీహెచ్‌డీలకు సగటు వయసు 44 దరిదాపుల్లో ఉంటోంది. ఈ అంకెను ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్పండి. కాబోయే భార్యకో భర్తకో పెళ్లిచూపులప్పుడే చెప్పండి.

మన దేశంలో ఈ దశకు ఇండియా అలయన్స్ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపే సంస్థ) ఫెలోషిప్‌లు పెద్ద ఆసరా. దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. వైద్యుల కోసం ప్రత్యేకంగా క్లినికల్, ప్రజారోగ్య ఫెలోషిప్‌లు ఇస్తారు, కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకు వేరుగా, కొంత అనుభవం ఉన్నవాళ్లకు వేరుగా.

ఏ దేశంలోనైనా మొదటి ఫ్యాకల్టీ ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడు జీతం కంటే ముందు సమయం మాట్లాడండి. వారానికి ఓపీ ఎన్ని పూటలు, నైట్ డ్యూటీలు నెలకెన్ని, ఎవరైనా సెలవు పెడితే వాళ్ల పేషెంట్లు ఎవరికి వస్తారు, ల్యాబుకు ఎంత స్థలం, ఎన్నేళ్ల వరకు, గ్రాంటు రాకపోతే మూడో ఏట ఏం జరుగుతుంది? "మనం మనం చూసుకుందాం లెండి" అని నోటిమాటగా చెప్పిన హామీ, ఆ డిపార్ట్‌మెంట్ హెడ్ మారిన రోజుతో పోతుంది. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో అక్షరాలా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు సంతకం పెట్టండి.